అప్పీలు హక్కు: చవదార్ చెరువు దావా నేర్పే పాఠం

(విద్యార్థుల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మహాడ్ అనగానే మనకు 1927 మార్చి 20 గుర్తొస్తుంది. బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు తాగిన రోజు. ఆ తర్వాత పదేళ్లు నడిచిన సివిల్ దావా గురించి తక్కువ మాట్లాడుకుంటాం. అప్పీలు అంటే ఏమిటో చెప్పడానికి నాకు అంతకన్నా మంచి ఉదాహరణ తెలియదు.

దావా వేసింది సవర్ణ హిందువులు. బాబాసాహెబ్ ప్రతివాది. అంటరానివారిని చెరువు దగ్గరికి రానివ్వకపోవడం అనాదిగా వస్తున్న ఆచారమని వాళ్ల వాదన. 1927 డిసెంబర్ 14న తాత్కాలిక ఇంజంక్షన్ తెచ్చుకున్నారు. 1931లో మహాడ్ కోర్టు దావా కొట్టేసింది. అప్పీలుకు వెళ్లి 1933లో ఠాణాలోనూ ఓడారు. బొంబాయి హైకోర్టులో సెకండ్ అప్పీలు వేశారు. 1937 మార్చి 17న న్యాయమూర్తులు బ్రూమ్‌ఫీల్డ్, వాడియా దాన్నీ కొట్టేశారు.

ఏ కారణంతో? అనాది ఆచారం రుజువు కాలేదని. అంటరానితనం అన్యాయమని కాదు. ఆచారం రుజువై ఉంటే, అది సమంజసమా కాదా అన్నది అప్పుడు చూడాల్సి వచ్చేదేమో అన్నారు. అంటే మనం గెలిచింది సాక్ష్యం మీద. ఆ సాక్ష్యం నమోదైంది మొదటి కోర్టులో. పై కోర్టులో కొత్త సాక్ష్యానికి చోటు చాలా తక్కువ. అందుకే కింది కోర్టును తేలిగ్గా తీసుకోవద్దంటాను.

ఇప్పటి చట్టం చూద్దాం. సివిల్ ప్రొసీజర్ కోడ్ 96వ సెక్షన్ కింద డిక్రీ మీద మొదటి అప్పీలు హక్కు. ప్రతివాది రాకుండానే ఇచ్చిన ఎక్స్ పార్టీ డిక్రీ మీద కూడా వేయొచ్చు. ఇరుపక్షాల సమ్మతితో ఇచ్చిన డిక్రీ మీద లేదు. లోక్ అదాలత్ అవార్డు మీదా అప్పీలు లేదు. కాబట్టి పెద్దమనుషుల ఒత్తిడితో రాజీ కాగితం మీద వేలిముద్ర వేసే ముందే ఆగాలి. మధ్యంతర ఉత్తర్వుల్లో కొన్నింటి మీదే అప్పీలు ఉంటుంది; ఇంజంక్షన్ వాటిలో ఒకటి. సెకండ్ అప్పీలుకు, 1976 సవరణ తర్వాత, ముఖ్యమైన చట్టపరమైన ప్రశ్న ఉండి తీరాలి.

గడువు జిల్లా కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు. సర్టిఫైడ్ కాపీ కోసం పట్టిన సమయాన్ని ఇందులోంచి మినహాయిస్తారు. ఆలస్యమైతే తగిన కారణం చూపి మన్నించమని అడగొచ్చు. మన్నించడం కోర్టు ఇష్టం. ఇంకో మాట: అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ అమలు ఆగదు. స్టే విడిగా అడగాలి. ఇది తెలియక అప్పీలు నడుస్తుండగానే భూమి చేజారిపోవచ్చు.

భూమి దావా ఓడిన కూలికి 30 రోజులంటే ఎంత? లాయరు ఫీజు వెతుక్కునేలోపే అయిపోతాయి. కానీ 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. అప్పీలుకూ వర్తిస్తుంది. ఈ మాట మన వాడలకు చేరవేయాల్సింది చదువుకున్న మీరే. తీర్పు వచ్చిన రోజే కాపీకి దరఖాస్తు పెట్టించండి. మహాడ్‌లో అప్పీలు వాళ్ల చేతిలో ఆయుధం. ఇప్పుడది మన చేతిలోనూ ఉంది, గడువు దాటనంత వరకు.

జై భీమ్.