అద్దె ఇచ్చే ఆడిద్దాం

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘానికి యాభై ఏళ్ళు నిండిన ఈ రోజున మన రాజమండ్రి టౌన్‌హాలు గురించి నాలుగు మాటలు చెబుతాను. బడి సభలో ఆ హాలు ప్రస్తావన ఎందుకని అనుకోకండి. దాన్ని కట్టించింది ఒక బడిపంతులు.

1880లో ధార్వాడ నాటక సమాజం వారు మన ఊరొచ్చి నాటకాలాడి వెళ్ళారు. వాళ్ళు ఆడి వెళ్ళిన పాకలోనే కందుకూరి వీరేశలింగం పంతులుగారు తన విద్యార్థుల చేత నాటకం వేయించారు. ఆ రోజుల్లోనే కోర్టు వ్యవహారాల్లోని మోసాల మీద ఆయన రాసిన ‘వ్యవహార ధర్మబోధిని’ కూడా వేదికెక్కింది. ఆయన పుట్టిన ఏప్రిల్ 16ను ఇవాళ తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. పాకలో నాటకమాడించిన పదేళ్ళకు, 1890లో, జనం నలుగురూ కలిసి సభ చేసుకోవడానికి టౌన్‌హాలు కట్టించారు.

తొమ్మిదో తరగతిలో నేనూ ఆ వేదిక ఎక్కాను. జవాను వేషం, ఒకే ఒక్క మాట. అదీ మరిచిపోయాను. తెర పక్క నుంచి మాస్టారు అందించారు. మూడో వరుసలో మా అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం కనిపించింది. చిన్న హాలులో ఉన్న సుఖం అదే. చూసేవాళ్ళ మొహాలు ఆడేవాళ్ళకు కనిపిస్తాయి. వందమంది వస్తే నిండుగా ఉంటుంది. అదే వందమంది పెద్ద ఆడిటోరియంలో కూర్చుంటే ఎవరూ రానట్టే ఉంటుంది.

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నేను కార్యదర్శిగా ఉన్నప్పుడు ఎక్కడ కార్యక్రమం పెట్టినా, “మాది సేవాసంఘం, అద్దె మినహాయించండి” అని ముందుగా ఉత్తరం రాసేవాణ్ణి. సంఘం డబ్బు మిగిల్చానని గర్వపడేవాణ్ణి కూడా. ఒక ఏడాది లెక్కలు రాస్తుంటే శాలువాలకు, పూలదండలకు, భోజనాలకు బేరమాడకుండా ఇచ్చిన సొమ్ము కనిపించింది. హాలు అద్దె గడిలో మాత్రం సున్నా. ఆ సున్నా చూసి సిగ్గేసింది.

పాత హాలుకు అద్దే తిండి. కరెంటు బిల్లు, ఊడ్చే మనిషి జీతం, వానలకు ముందు పైకప్పు మరమ్మతు, అన్నీ అందులోంచే రావాలి. అభిమానంతో మనం ఊరికే అడిగిన ప్రతిసారీ ఆ ఖర్చు హాలు మీదే పడుతుంది. ఊరికే వచ్చేవాళ్ళు పెరిగి, అద్దె ఇచ్చేవాళ్ళు ఏసీ ఫంక్షన్ హాళ్ళకు వెళ్ళిపోతే, చారిత్రక కట్టడమన్న బోర్డు ఒక్కటే మిగులుతుంది.

అందుకని నా మనవి ఇది. ఏటా ఏప్రిల్ 16 దగ్గర్లో ఒక సాయంత్రం మన బడిపిల్లల నాటకం టౌన్‌హాలులో వేయిద్దాం. పూర్తి అద్దె కట్టి రసీదు తీసుకుందాం. ఏడాదికొక బ్యాచి ఆ ఖర్చు భరిస్తే ఎవరికీ బరువు కాదు. మొదటి ఏడాది వంతు మా బ్యాచిది. నాటకం ఏదో గురువులు నిర్ణయించాలి. కుర్చీలు మేం సర్దుతాం.

మాట మరిచిపోయే పిల్లవాడు ఒకడు ఎలాగూ ఉంటాడు. తెర పక్క నిలబడి అందించడానికి నేను సిద్ధం.