చత్వారం వచ్చిందని చేతిపని ఆగకూడదు
(వార్షిక సభలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)





ప్రతి ఏడాదీ ఈ సభలో స్కాలర్‌షిప్పుల గురించి, కుట్టు మిషన్ల గురించి లెక్క చెప్పుకుంటాం. ఈసారి ఆ కుట్టు మిషన్ల దగ్గరే కాసేపు ఆగుతాం. మిషన్లు ఇచ్చిన ఇళ్ళకు మేము మళ్ళీ వెళ్ళి చూసినప్పుడు, ఒక ఇంట్లో మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. "ఏం ఆపా, కుట్టడం లేదా?" అని అడిగాం. "సూదిలో దారం ఎక్కడం లేదు భాయ్. అమ్మాయి బడి నుంచి వస్తే గానీ పని మొదలవదు" అందామె. మిషన్‌లో లోపమేమీ లేదు. ఆమెకు చత్వారం వచ్చింది. మిషన్‌కు వేల రూపాయలు పెట్టిన మేము, ఆమె కంటిచూపు సంగతి ఒక్క మాటైనా అడగలేదు. ఆ పొరపాటు మాదే.

చత్వారం జబ్బు కాదు. నలభై దాటినవారికి వయసుతో వచ్చే మార్పు. ఆ పేరులోనే నలభై ఉంది. సంస్కృతంలో చత్వారింశత్ అంటే నలభై. కంటిపాప వెనక అల్లాహ్ మనకిచ్చిన సహజమైన కటకం ఒకటుంది. వయసులో ఉన్నప్పుడు అది మెత్తగా ఉంటుంది. దగ్గరి వస్తువును చూసేటప్పుడు ఉబ్బి, చూపును అక్కడ నిలుపుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ అది బిరుసెక్కుతుంది. అరవై వచ్చేసరికి ఆ ఉబ్బే గుణం దాదాపు పోతుంది. దూరపు చూపు బాగానే ఉంటుంది కాబట్టి "నా కళ్ళకేం?" అనుకుంటాం. కానీ పేపరు చేయి చాచి చదువుతాం. మందు సీసా మీది తేదీ కనబడదు. ఖుర్ఆన్ పారాయణంలో జేర్, జబర్ గుర్తులు అలుక్కుపోయినట్టుంటాయి. సాయంత్రం దీపం కింద మరీ కష్టం.

"అద్దాలు పెడితే కళ్ళు ఇంకా పాడవుతాయి" అని చాలామంది వాయిదా వేస్తుంటారు. అది అపోహ. అద్దాలు పెట్టుకున్నా, పెట్టుకోకపోయినా వయసుతో పవర్ పెరుగుతుంది. సుమారు ప్లస్ ఒకటితో మొదలై ప్లస్ మూడు దాకా పోవచ్చు. అందుకే రెండు మూడేళ్ళకొకసారి పరీక్ష చేయించుకోవాలి.

దూరపు చూపు బాగుండి, రెండు కళ్ళ పవర్ ఒకటే అయితే, దుకాణంలో దొరికే మామూలు చదువు అద్దాలు చాలు. దూరానికీ పవర్ ఉంటే కింద గీత కనిపించే బైఫోకల్, లేదా గీత లేని ప్రోగ్రెసివ్ అద్దాలు ఉన్నాయి. వీటితో మెట్లు దిగేటప్పుడు అలవాటయ్యేదాకా జాగ్రత్త అవసరం. కాంటాక్ట్ లెన్సులు, ఆపరేషన్లు కూడా ఉన్నాయి గానీ అవి ఖర్చుతో కూడినవి, అందరికీ సరిపడవు. శుక్లం ఆపరేషన్‌లో మామూలు లెన్స్ వేయించుకున్నవారికి కూడా చదవడానికి సాధారణంగా అద్దాలు కావాల్సి వస్తుంది.

ఒక హెచ్చరిక. అద్దాలు పంచిపెట్టడంతో బాధ్యత తీరదు. నీటికాసులు మొదట్లో ఏ బాధా తెలియనివ్వకుండా చూపును తినేస్తాయి. షుగర్ ఉన్నవారికి కంటి లోపలి నరాల పొర దెబ్బతినవచ్చు. షుగర్ ఎక్కువతక్కువలైతే పవర్ కూడా మారుతుంది. కనుక నలభై దాటినవారికి ఒకసారి డాక్టరు చేత పూర్తి కంటి పరీక్ష జరగాలి.

ఇది చిన్న విషయమని అనుకోకండి. అస్సాం టీ తోటల్లో నలభై దాటిన 751 మంది కూలీలతో చేసిన అధ్యయనం 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చింది. దగ్గరి చూపు అద్దాలు ఇచ్చినవారి ఆకు కోత, ఇవ్వనివారితో పోలిస్తే సుమారు 22 శాతం ఎక్కువగా పెరిగింది. ఆకు కోసే చేతికే అంత తేడా వస్తే, జరీ పని చేసే చేతికి, బీడీ చుట్టే చేతికి, గుండీ కుట్టే చేతికి ఎంత ఆసరా అవుతుందో మీరే ఆలోచించండి.

అందుకే ఇకపై మిషన్ ఇచ్చే ప్రతి ఇంట్లో నలభై దాటినవారికి కంటి పరీక్ష, అవసరమైతే అద్దాలు కూడా ఇవ్వాలని నిశ్చయించుకున్నాం. పిల్లలకు ఖుర్ఆన్ చదువు చెప్పే పెద్దవారికీ ఇదే ఏర్పాటు. ఒక్క మిషన్ ఖరీదుతో ఎన్నో జతల అద్దాలు వస్తాయి. జకాత్ సొమ్ము ఎవరికి, ఎలా ఖర్చు చేయాలో ఉలమాను అడిగి నడుచుకుంటాం. మిగతాది సదఖా నుంచి. మీ ఇంట్లో, మీ దుకాణంలో పనిచేసేవారిని కూడా ఒక్కసారి అడగండి. ఆడవాళ్ళు తమంతట తాము చెప్పరు, "వయసైపోయింది" అని సర్దుకుంటారు.

ఆ ఆపాకు పరీక్ష చేయించి అద్దాలు ఇప్పించాం. మొన్న వెళ్ళేసరికి మిషన్ మీద గుడ్డ లేదు. తల ఎత్తకుండానే సలాముకు జవాబిచ్చింది. పండగ బట్టలు కుడుతోంది.

అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక, ఆమీన్.