మొలక రాకపోతే గింజను తిడతామా?

(ముదిగొండలో ఆదివాసీ యువత సమావేశంలో మాట్లాడిన మాటలు)



ముదిగొండ అంటే మనకు 2007 జూలై 28 గుర్తొస్తది. భూమి అడిగిన పేదల మీద ఇక్కడే పోలీసు తూటాలు పేలినయ్. ఇవాళ ఇదే నేల మీద నిలబడి బడి గురించి మాట్లాడుతున్నా. ఎందుకంటే, పోరాడి పట్టా తెచ్చుకున్నా అందులో ఏం రాసుందో మన పిల్ల చదవలేకపోతే, ఆ హక్కు ఇంకొకరి చేతిలో ఉన్నట్టే.

ముందు నా సంగతి చెప్తా. ఒకటో తరగతిలో సారు నీళ్ల బొమ్మ చూపించి "ఇదేంటి?" అన్నడు. "ఏరు" అన్నా. మన కోయ మాటలో నీళ్లంటే ఏరే కదా. తెలుగులో ఏరంటే వాగు. క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత చాలా రోజులు నేను నోరు తెరవలే. నాకు చదువు రాదనుకున్నరు. నిజానికి రానిది నాకా? నా మాట తెలియని బడికా?

మీరూ ఆలోచించండి. పొలంలో మొలక రాకపోతే మన అమ్మానాన్నలు గింజను తిట్టరు. పదును చాలలేదా, లోతు ఎక్కువైందా అని చూస్తరు. ఒక్కటి మార్చి మళ్లీ వేస్తరు. పక్క చేనోణ్ని అడుగుతరు. టీచర్లు జట్టుగా చేయాల్సిన పని కూడా ఇదే. పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నరో చూడాలి, కారణం వెతకాలి, ఒక మార్పు చేయాలి, మళ్లీ పరీక్షించాలి. జపాన్‌లో టీచర్లు కలిసి ఒక పాఠం తయారు చేస్తారు. ఒకరు చెప్తుంటే మిగతావాళ్లు పిల్లల్ని గమనిస్తారు. తర్వాత కూర్చుని ఆ పాఠాన్ని దిద్దుతారు.

మన దగ్గర ఏర్పాటు లేక కాదు. స్కూల్ కాంప్లెక్స్ గురించి కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది. మన రాష్ట్రంలో 2022లో తొలిమెట్టు వచ్చింది. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు రావాలనేది దాని లక్ష్యం. ఏడాది మొదట్లో, మధ్యలో, చివర్లో పిల్లల స్థాయి చూడాలి. టీచర్లు కాంప్లెక్స్ సమావేశంలో దాని మీద చర్చించాలి. భద్రాచలం ఐటీడీఏ కూడా గిరిజన ప్రాథమిక పాఠశాలల కోసం 'ఉద్దీపకం' వర్క్‌బుక్కులు తెచ్చింది.

మరి ఆ సమావేశంలో ఏం జరగాలి? "పది మందిలో ఆరుగురికి రాదు" అని ఫారం నింపి పైకి పంపితే పని అయిపోదు. ఆ ఆరుగురూ ఎవరు? ఇంట్లో ఏ మాట మాట్లాడతారు? ఏ అక్షరం దగ్గర ఆగారు? నాలుగు బడుల టీచర్లు కలిసి, "ఈ నెల ముందు కోయ మాటతో మొదలుపెట్టి తర్వాత తెలుగు మాట చెప్దాం" అనుకోవాలి. నెల తర్వాత ఆ పిల్లల్నే మళ్లీ చదివించి చూడాలి. పనిచేస్తే మిగతా బడులకు చెప్పాలి. పనిచేయకపోతే సిగ్గుపడకుండా ఇంకోటి ప్రయత్నించాలి.

అయితే ఆ జట్టులో కోయ వచ్చిన టీచర్ ఒక్కరన్నా లేకపోతే "ఏరు" తప్పు కాదని చెప్పేదెవరు? షెడ్యూల్డ్ ప్రాంతాల టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో జీవో నంబర్ 3 వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అది ఉద్యోగాల గొడవ మాత్రమే అనుకున్నోళ్లు ఒకటో తరగతి పిల్లను మర్చిపోయారు. ఇంకో మాట. ఒక్కరే టీచరున్న బడిలో ఐదు తరగతులూ ఆయనే చూడాలి, రికార్డులూ ఆయనే రాయాలి. ఆయన్ను తిడితే లాభం లేదు. రెండో టీచర్ కోసం ఆయనతో కలిసి మనం అడగాలి.

డిగ్రీ చదివిన మనకు ఒక పని ఉంది. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. మీ ఊరి తల్లులతో కలిసి బడికి పోండి. మర్యాదగా మూడు మాటలు అడగండి. మా పిల్ల ఎక్కడ ఆగింది? పోయిన నెల మీరేం మార్చారు? మారిస్తే ఏమైంది? మూడో ప్రశ్నకు జవాబు వచ్చేదాకా ప్రతి నెలా పోండి. కోయ మాటలు రాసివ్వమంటే కూర్చుని రాసివ్వండి.

మన పిల్ల "ఏరు" అన్నప్పుడు ఎవరూ నవ్వని బడి కావాలి. "అవునమ్మా, తెలుగులో దాన్నే నీళ్లు అంటారు" అనే టీచర్ కావాలి.

జై ఆదివాసీ!