సోయా మంచిదే, మందు మాత్రం కాదు
(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రయోగశాలలో రసాయనాల మధ్య ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. సోయా పొడి మొదలుపెట్టి కొలెస్టరాల్ మాత్రలు మానేశానని మన సభ్యులొకరు అనడంతో, ఈ నాలుగు మాటలూ చెప్పాలనిపించింది.

సోయాలో జెనిస్టీన్, డయిడ్జీన్ అనే ఐసోఫ్లావోన్లు ఉంటాయి. గింజలో ఇవి చాలావరకు చక్కెర అణువుతో జతపడి ఉంటాయి. పేగుల్లో ఆ చక్కెర విడిపోయాకే ఒంటికి పడతాయి. వీటి ఆకారం స్త్రీల హార్మోను ఈస్ట్రోజెన్‌ను పోలి ఉంటుంది, బలం మాత్రం చాలా తక్కువ. కొందరి పేగుల్లోని బాక్టీరియా డయిడ్జీన్‌ను ఈక్వాల్‌గా మారుస్తుంది. అందరికీ ఆ యోగం లేదు! అందుచేత పక్కింటావిడకు ఒంటి ఆవిర్లు తగ్గించిన మాత్ర మనింట్లో పనిచేయకపోవచ్చు.

ఇక గుండె సంగతి. రోజుకు 25 గ్రాముల సోయా మాంసకృత్తులు గుండెజబ్బు ముప్పు తగ్గించవచ్చని ప్యాకెట్ల మీద రాసుకోవడానికి 1999లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్.డి.ఎ. ఒప్పుకుంది. 2006లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెడ్డ కొలెస్టరాల్‌లో తగ్గుదల స్వల్పమేనని, ఐసోఫ్లావోన్ మాత్రలు సిఫారసు చేయబోమని చెప్పింది. 2017లో ఎఫ్.డి.ఎ. కూడా తన అనుమతిని రద్దుచేసే ప్రతిపాదన తెచ్చింది. పెన్షను డబ్బులు ఆ సీసాలకు పొయ్యనక్కర్లేదని నా అభిప్రాయం. మీల్ మేకర్ కూర వండించుకోండి, మాంసకృత్తులు దండిగా దొరుకుతాయి. సోయా నూనెలో మాత్రం ఐసోఫ్లావోన్లు దాదాపు ఉండవు.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు కాస్త శ్రద్ధగా వినండి. పరగడుపున మాత్ర వేసుకుని వెంటనే సోయా పాలు తాగితే మందు సరిగా ఒంటపట్టదు. రెంటికీ మధ్య కొన్ని గంటలు ఎడం ఉండాలి. రోజూ సోయా మొదలుపెడితే డాక్టరుగారికి చెప్పి టి.ఎస్.హెచ్. పరీక్ష చేయించుకోండి. రొమ్ము క్యాన్సరు చికిత్స పొందినవారు డాక్టరును అడగకుండా ఐసోఫ్లావోన్ మాత్రలు ముట్టవద్దు.

సందేహాలుంటే భోజనాల దగ్గర అడగండి, అక్కడే ఉంటాను.