వర్ణముల మాటున వెలుగునీడలు

కంటితో చూడవలసిన దానిని చెవికి వినిపించుట కష్టము. చిత్రములను గూర్చి రేడియోలో మాటలాడుట అట్టిదే. అయినను నేటి మా విషయమునకు శ్రోతల వంటయింటిలోనే దృష్టాంతము కలదు. ఒక పండుమిరపకాయను, ముదురు పచ్చని మిరపకాయ నొకదానిని ప్రక్కప్రక్కన నుంచి, సెల్‌ఫోనుతో నలుపు తెలుపు ఫోటో తీసి చూడుడు. ఎరుపునకును పచ్చకును గల భేదమంతయు మాయమై, తరచు రెండును ఇంచుమించు ఒకే బూడిదరంగున గనిపించును. రంగు వేరు, రంగులోని వెలుగు పాలు వేరు. ఈ వెలుగు పాలునే చిత్రకారులు టోను అనియు, వాల్యూ అనియు అందురు. ఫోటోను ముందుంచుకొని కంప్యూటరుమీదనో, టాబ్లెట్టుమీదనో బొమ్మ వేయువారు మొట్టమొదట పట్టుకొనవలసినది దీనినే.

గతించిన పెద్దల రూపములను ఫోటోలనుండి చిత్రించి యిచ్చుట మా వృత్తి. ఒకప్పుడు ఒక కుమారుడు తన తండ్రిగారి ఫోటో తెచ్చి, "నాన్నగారు కొంచెం నలుపండీ, బొమ్మలో కాస్త తెల్లగా వేయండి" అని కోరెను. మేము అట్లే ముఖమంతటికిని తెలుపు కలిపితిమి. కుమారుడు సంతసించెను. కాని తల్లిగారు చాలసేపు చూచి, "ఈయనెవరు నాయనా?" అని యడిగిరి. కన్ను, ముక్కు, మీసకట్టు అన్నియు సరిగనే యున్నవి. కనుబొమల క్రింది నీడ పోయినది. దవడ ప్రక్క నీడ పోయినది. ఆ నీడలతోపాటు మనిషియు పోయెను. ఆ తల్లి ప్రశ్న మమ్ము మరల పాఠశాలకు పంపినది.

మన కన్ను అన్ని రంగుల వెలుగును సమముగ గ్రహింపదు. తెరమీది తెలుపును నూరు పాళ్ళనుకొన్నచో, అందు ఆకుపచ్చ వంతు సుమారు 72, ఎరుపు వంతు 21, నీలము వంతు 7 మాత్రమే. ఎరుపు, ఆకుపచ్చ కలసిన పసుపు 93 పాళ్ళతో తెలుపు ప్రక్కన నిలుచును. నీలము నలుపు దరికి చేరును. కొన్ని చిత్రలేఖన సాఫ్ట్‌వేరులలో రంగును తీసివేయు డీశాచురేట్ అను సాధనము ఈ భేదమును పాటింపదు. దానితో పసుపును, నీలమును ఒకే బూడిదరంగుగ మారిపోవును. అంతకంటె మేలైన మార్గమొకటి కలదు. ఫోటోపై కొత్త లేయరు నొకదానిని పరచి, బూడిదరంగుతో నింపి, దాని కలయిక పద్ధతిని కలర్ అని మార్చవలెను. రంగులు తొలగి, వెలుగునీడలు మాత్రము మిగులును.

ఇక ఫోటోను నమ్మవచ్చునా? తొలినాటి ఫోటో పలకలు ముఖ్యముగ నీలకాంతినే గ్రహించెడివి. 1873లో హెర్మన్ వోగెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు రంగు కలిపిన పలకలు ఆకుపచ్చనుగూడ గ్రహింపగలవని కనుగొనెను. ఎరుపు సరిగ పట్టుబడుటకు మరి చాలకాలము పట్టినది. కనుకనే ఎరుపు నెరుగని పలకలపై నొసటి కుంకుమ నల్లనగును, ఆకాశము తెల్లనగును, చామనచాయ మొగము మరింత నల్లబడును. నేటి ఫోనులది వేరొక తీరు. అవి అడుగకయే నీడలను పైకెత్తును. మొగములను నునుపు చేయును. వెనుక కిటికీ వెలుగుచుండగ తీసినచో మొగము మసిబారును.

కన్నుగూడ మోసపోవును. 1995లో ఎడ్వర్డ్ ఏడెల్సన్ అను శాస్త్రజ్ఞుడు, నలుపు తెలుపు గళ్ళ పలకపై ఒక స్తంభము నీడ పడినట్లు బొమ్మను కల్పించెను. నీడలోని తెల్లగడియు, వెలుతురులోని నల్లగడియు అందు నిజముగ ఒకే బూడిదరంగు, చూచువారెవ్వరును నమ్మరు. మన యింటి అరుగుమీదనే చూడుడు. నీడలో నున్న తెల్లని పంచెకంటె, ఎండలో నున్న చామనచాయ చేయి ఫోటోలో హెచ్చు వెలుగుతో నుండవచ్చును. పంచె తెల్లనిదను తెలివి మన చూపును కప్పివేయును. అప్పుడు రంగును కొలుచు పికరు సాధనమును ఆ రెండు చోట్ల నుంచి, 0 మొదలు 255 వరకు గల అంకెలలో వాని స్థానములను సరిచూడవలెను.

అమెరికా చిత్రకారుడు ఆల్బర్ట్ మన్సెల్ 1905లో ప్రకటించిన పద్ధతిలో నలుపునకు 0, తెలుపునకు 10. బొమ్మ మొదలుపెట్టుటకు అన్ని మెట్లక్కరలేదు, ఐదు చాలును. కన్నులను సగము మూసి, ఫోటోను బొటనవ్రేలంత చిన్నదిచేసి చూడవలెను. అన్నిటికంటె చీకటి యెక్కడ, అన్నిటికంటె వెలుగెక్కడ అని గుర్తించి, తక్కినవానిని ఆ రెంటి నడుమ వరుసగ నిలుపవలెను. ముందు బూడిదరంగులో బొమ్మ కుదిరిన పిమ్మటనే రంగులకు పూనుకొనవలెను. ఒక్కొక్క అంకె ఫోటోలో తప్పియుండవచ్చును. దాని నట్లే ఎత్తి వ్రాయుట కాదు, వాని మధ్యనున్న దూరములను పట్టుకొనుట ముఖ్యము.

ఆ తండ్రిగారి బొమ్మను మేము తిరిగి వేసితిమి. ఈసారి మొగమును తెల్లబరుపలేదు. పోయిన నీడలను తిరిగి తెచ్చి, వెనుకనున్న గోడను మాత్రము రెండు మెట్లు చీకటికి దించితిమి. చీకటి ప్రక్కన చామనచాయయే వెలిగెను. ఒక వన్నె ప్రక్క వన్నెనుబట్టి మారునని ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రూల్ 1839లోనే తన గ్రంథమున చెప్పియుండెను. కుమారుని కోరిక తీరినది. తల్లిగారు ఏమియు ననలేదు. పైటచెంగుతో పటము అద్దమును తుడిచి, దాని నెదురుగ కూర్చుండిరి.

శ్రోతలకు మా విన్నప మొకటే. మీ యింటి పెద్దల ఫోటోను కిటికీ ప్రక్కన, పగటి వెలుతురు ఒక ప్రక్కనుండి పడునట్లు, ఫ్లాషు లేకుండ ఒక్కసారి తీసి యుంచుడు. ఫోనులోని అందపు మెరుగులను ఆ ఒక్క ఫోటోకు దూరముగ నుంచుడు. రేపు చిత్రకారునికి కావలసినవి వారి మొగముమీది నీడలే.