మందుల చీటీకి రెండో చూపు

ఆసుపత్రిలో ఫార్మసిస్టు పని చీటీ చూసి మందు అందించడమేనని చాలామంది అనుకుంటారు. మన చట్టం అంతకంటే ఎక్కువే ఆశించింది. 1930లో కర్నల్ రామ్‌నాథ్ చోప్రా అధ్యక్షతన వేసిన సంఘం మందుల నాణ్యతతో పాటు వాటిని ఇచ్చేవారి శిక్షణనూ పట్టించుకుంది. తర్వాత 1940లో డ్రగ్స్ చట్టం, 1948లో ఫార్మసీ చట్టం వచ్చాయి. డాక్టరు రాసిన మందును రిజిస్టరైన ఫార్మసిస్టే ఇవ్వాలని ఫార్మసీ చట్టంలోని 42వ సెక్షన్ చెబుతోంది. తన రోగులకు తానే మందిచ్చే డాక్టరుకు మాత్రం మినహాయింపు. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు, మందు వాడకాన్ని రోగికి వివరించడాన్నీ ఫార్మసిస్టు బాధ్యతలో చేర్చాయి.

డాక్టరు చూసి రాశాక ఫార్మసిస్టు మళ్లీ తనిఖీ చేయడం దేనికని అడగవచ్చు. మెథోట్రెక్సేట్‌నే తీసుకోండి. కీళ్లవాతానికి దాన్ని వారానికి ఒక్కసారే వాడతారు. పొరపాటున రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. ఎంత సమర్థుడైన డాక్టరైనా రద్దీలో ఒక మాట రాయడం మరచిపోవచ్చు. చీటీ సరిగానే ఉన్నా రోగి తప్పుగా అర్థం చేసుకోవచ్చు. గాఢ పొటాషియం క్లోరైడ్‌ను పలచన చేయకుండా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చు. అందుకే దాన్ని వార్డు అలమరల్లో కాక ఫార్మసీలో ఉంచడం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఇలాంటి తనిఖీకి వార్డుల్లో ఫార్మసిస్టులను పెడితే ఖర్చు పెరుగుతుందన్న అభ్యంతరం, ముఖ్యంగా చిన్న ఆసుపత్రుల విషయంలో, కొట్టిపారేయదగింది కాదు. అయితే 2008లో మొదలైన ఆరేళ్ల ఫార్మ్-డి కోర్సు చదివినవారు మనకు ఉన్నారు. ప్రతి వార్డుకూ ఒకరిని పెట్టలేకపోయినా, ఐసీయూలోనూ క్యాన్సర్ వార్డులోనూ వారిని ముందుగా నియమించవచ్చు.