జి.ఆర్.ఇ. మార్కును ఎలా చదవాలి?



గణితంలోనో, గణాంక శాస్త్రంలోనో డిగ్రీ పుచ్చుకుని, బి.ఎడ్. పూర్తిచేసి, బడిలో పాఠాలు చెబుతున్న తెలుగు యువతీ యువకులు బళ్లారిలో ఉన్నారు, హోసూరులో ఉన్నారు, బరంపురంలో, షోలాపూరులో, యానాంలో ఉన్నారు. వారికి చక్కగా అమరే పరిశోధనారంగం ఒకటి ఉంది. అదే విద్యా మాపనం. ప్రశ్నపత్రం ఎలా కూర్చాలి, వచ్చిన మార్కును ఎంతవరకు నమ్మవచ్చు అని గణాంక పద్ధతులతో శోధించే శాస్త్రమిది. అమెరికాలో అయోవా, మేరీలాండ్ వంటి విశ్వవిద్యాలయాలలో ఇందులో పిహెచ్.డి. చేయవచ్చు.

అక్కడ చేరదలచినవారిని ముందుగా భయపెట్టేది జి.ఆర్.ఇ. పరీక్ష. 1936లో మొదలైన ఈ పరీక్షలో 2011 నుంచి గణితానికి, భాషకు విడివిడిగా 130 మొదలు 170 వరకు మార్కులిస్తున్నారు. 2020 తరువాత చాలా విభాగాలు దీనిని ఐచ్ఛికం చేశాయి, కొన్ని అసలు అడగడమే మానేశాయి. అందుచేత రుసుము కట్టే ముందు, మీరు కోరుకున్న విభాగం ఈ ఏడాది ఆ మార్కు అడుగుతున్నదో లేదో విచారించండి.

ఇక మార్కు సంగతి. భాషా విభాగంలో 160 వస్తే నూటికి ఎనభై మందికి పైగా అభ్యర్థులను దాటినట్టు. గణితంలో అదే 160 సుమారు సగం మందినే దాటిస్తుంది. అంకె ఒకటే, అర్థం వేరు. కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చుకోకూడదు.

మరొక మాట. ఏ మార్కూ గీత గీసినట్టు కచ్చితం కాదు. జి.ఆర్.ఇ.లో ప్రామాణిక దోషం సుమారు రెండు మార్కులు. ఈ నెల 161 వచ్చినవారికి మరుసటి నెల 159 రావచ్చు, 163 రావచ్చు. అంతలోనే తెలివి తరిగిందనీ కాదు, పెరిగిందనీ కాదు. ఒక్క మార్కునే కొలబద్దగా పెట్టుకుని అభ్యర్థులను తోసిపుచ్చవద్దని, పరీక్ష నిర్వహించే సంస్థే విశ్వవిద్యాలయాలకు సలహా ఇస్తున్నది.

ఈ దోషానికి లెక్క చెప్పినవారిలో మనవారొకరున్నారు. 1920లో, నేటి కర్ణాటకలోని హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన సి.ఆర్. రావు గారు. చేతిలో ఉన్న సమాచారాన్ని బట్టి, అంచనాలోని దోషం ఏ హద్దుకు దిగువకు పోలేదో ఆయన 1945లో నిరూపించారు. దానినే క్రామర్–రావు హద్దు అంటారు. ఒక్కొక్క ప్రశ్న అభ్యర్థి సామర్థ్యాన్ని గురించి ఎంత సమాచారమిస్తుందో లెక్కగట్టే నేటి మాపన సిద్ధాంతంలో ఆ ఆలోచనకు ముఖ్యస్థానముంది.

పైగా జి.ఆర్.ఇ. గణితం హైస్కూలు స్థాయిని మించదు. అందులో కలన గణితం లేదు, త్రికోణమితి లేదు. పిహెచ్.డి.లో అడుగడుగునా కావలసినవి కలన గణితం, మాత్రికలు, సంభావ్యత, కంప్యూటరుపై గణాంకాలు చేసే నేర్పు. ఇవి చదివిన దాఖలా, ఏ సమస్యను శోధించదలచారో తెలిపే వ్యాసం, మిమ్మల్ని బాగా ఎరిగిన గురువుల లేఖలు దరఖాస్తుకు బలమిస్తాయి. తరగతి గదిలో ప్రశ్నపత్రం తయారుచేసిన అనుభవం ఉంటే, దాని నుంచి మీకు పుట్టిన సందేహాన్నే ఆ వ్యాసంలో రాయండి.

రెండు మార్కులు తగ్గాయని అప్పుచేసి మళ్లీ పరీక్షకు కూర్చునే ముందు, దరఖాస్తే మానుకునే ముందు, కాస్త ఆగండి. మార్కును నమ్మాలి, కానీ దాని దోషంతో సహా నమ్మాలి. మీరు చేరబోయే శాస్త్రం నేర్పే మొదటి పాఠమే అది.